లైన్ బండి డ్రైవరుకు ఇంటి రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

లైన్ బండి అంటే దూరపు ఊళ్లకు సరుకు తోలే లారీ. కర్నూలులో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చుంటే దాని గురించి రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నలివి. కొన్ని డ్రైవర్లు అడిగినవి, కొన్ని వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఫోన్ చేసి అడిగినవి, ఇంకొన్ని కొత్తగా హెవీ లైసెన్స్ తీసుకుని లైను మీదికి పోదామనుకునే పిల్లోళ్లవి. ఒకప్పుడు నేనూ లైను మీద తిరిగినవాణ్ణే కాబట్టి జవాబుల్లో నా సొంత అభిప్రాయాలు అక్కడక్కడా దూరుతాయి.

లైన్ బండి ఎక్కితే నెలకు ఎన్ని రోజులు ఇంట్లో ఉండొచ్చు?

ఎవరైనా ఒక అంకె చెబితే నమ్మొద్దు. అందరూ దూరాన్ని బట్టి లెక్క వేసుకుంటారు. కానీ మన రోజుల్ని తినేది రోడ్డు కాదు. లోడింగ్ దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర, రిటర్న్ లోడు (తిరిగొచ్చేటప్పుడు ఎత్తే సరుకు) కోసం పడే పడిగాపులు తింటాయి.

కర్నూలు నుంచి నాగపూర్ సుమారు 700 కిలోమీటర్లు. 44వ నంబరు హైవే మీద హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ దాటుకుంటూ నిదానంగా నడిపినా రెండో రోజుకు చేరుకుంటాం. రావడానికీ అంతే. రోడ్డు లెక్కన నాలుగు రోజుల పని. అదే ట్రిప్పు ఎనిమిది రోజులు పట్టిందంటే మిగతా నాలుగు ఎక్కడ పోయినట్టు? గోడౌన్ బయట వరుసలో ఒకటి, హమాలీలు రాని ఆదివారం ఒకటి, "సాయంత్రానికి లోడు ఖాయం అన్నా" అని బ్రోకరు చెప్పిన రెండు సాయంత్రాలు.

అందుకే ఓనరును "ఎంత దూరం?" అని అడిగితే సరిపోదు. "అక్కడ ఎంతసేపు నిలబెడతారు? తిరుగు లోడు ఎవరు చూస్తారు? లోడు దొరక్కపోతే ఎన్నాళ్లకు ఖాళీగా రమ్మంటారు?" అని అడగాలి. ఈ మూడింటికి సూటిగా జవాబిచ్చే ఓనరు దగ్గర ఇంటి రోజులు కూడా లెక్కకు దొరుకుతాయి.

మన వైపు ఏ లోడుకు పోతే తొందరగా ఇల్లు చేరొచ్చు?

రాయలసీమ సరుకుల్లో ఒక్కోదానిది ఒక్కో గుణం.

అనంతపురం చీనీకాయలు (బత్తాయిలు) నాగపూర్, ఢిల్లీ మార్కెట్లకు పోతాయి. ఢిల్లీ దూరం సుమారు 1,900 కిలోమీటర్లు. కాయ చెడిపోతుంది కాబట్టి తోటలో లోడైనప్పటి నుంచి మండీలో దించే వరకు ఎవరూ ఆపరు. పోయేటప్పుడు పరుగు. దించాక మాత్రం చప్పబడిపోతుంది. ఉత్తరాది నుంచి మన దిక్కుకు నేరుగా లోడు దొరకడం అదృష్టం. హైదరాబాద్‌కో బెంగళూరుకో ఒక లోడు, అక్కడి నుంచి ఇంకో లోడు, ఇట్లా ముక్కలు ముక్కలుగా ఇంటికి రావాలి. చలికాలంలో గాలి కాలుష్యం పెరిగి ఆంక్షలు పెడితే పాత బండ్లను ఢిల్లీలోకే వదలరు. మీ బండి బీఎస్ (పొగ కాలుష్య ప్రమాణం) ఎంతో ముందే చూసుకోండి.

ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు సిమెంటు తోలేవాళ్లకు దూరం తక్కువ. ఒకటి రెండు రోజుల్లో తిరిగి రావచ్చు. కానీ ఫ్యాక్టరీ గేటు బయట టోకెను పట్టుకుని పడుండే టైముంటుంది. ఊరు ఇరవై కిలోమీటర్లలోనే ఉంటుంది, లైను కదులుతుందేమోనన్న భయంతో ఇంటికి మాత్రం పోలేం. మా డ్రైవర్లలో చాలామంది ఢిల్లీ కంటే దీన్నే ఎక్కువ తిట్టుకుంటారు. క్లీనరు ఉన్న బండైతే అతణ్ణి వరుసలో పెట్టి ఇంటికి పోయి రావచ్చు. అందుకోసమే క్లీనరు ఉన్న బండిని వెతుక్కునేవాళ్లను చూశాను.

బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు, తాడిపత్రి గ్రానైటు లోడింగ్ నిదానం, దించడం ఇంకా నిదానం. బండ పగిలితే ఎవరి తలకు చుట్టుకుంటుందో ముందే తేల్చుకోవాలి. మంగంపేట ముగ్గురాయి చెన్నై, కృష్ణపట్నం పోర్టులకు పోతుంది. దూరం మధ్యరకం, రూటు ఎప్పుడూ ఒకటే. ఇంటి లెక్కకు నాకు నచ్చేది ఇలాంటి ఒకే రూటు పని. ఏ రోజు ఎక్కడుంటామో ఇంట్లోవాళ్లకూ తెలుస్తుంది. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ నుంచి కార్లు మోసే పొడవాటి ట్రెయిలర్లు కూడా ఉన్నాయి. వాటికి అనుభవం అడుగుతారు, ఒక్క గీత పడ్డా లెక్క చెప్పాలి.

ఇంకో సంగతి. బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లోకి పగలు హెవీ బండ్లను వదలరు. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లే అయినా, తెల్లవారాక చేరితే ఆ పగలంతా ఊరి బయటే. బయలుదేరే గంట మార్చుకుంటే ఒక రోజు మిగులుతుంది.

నెల జీతమా, ట్రిప్పుకింత అని మాట్లాడుకోవాలా? ఏది మేలు?

ట్రిప్పు లెక్కైతే ఇంట్లో కూర్చున్న రోజు డబ్బు రాదు. కాబట్టి ఇంటికొచ్చిన రెండో రోజుకే మనకే మనశ్శాంతి ఉండదు, ఓనరు పిలవక ముందే బండి దగ్గరికి పోతాం. నెల జీతమైతే ఓనరు ఖాళీగా ఉంచడు. రెండింట్లోనూ ఇబ్బంది ఉంది. చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు నేను చెప్పేది: జీతం కొంచెం తక్కువైనా నెల లెక్కకు ఒప్పుకోండి, అందులో సెలవు రోజులు మాట్లాడుకోండి. బత్తా వేరు, అది రోజువారీ తిండి ఖర్చు. దాన్ని జీతంలో కలిపి చెప్పే ఓనరుతో జాగ్రత్త. బండి నిలబడిపోయిన రోజుకు బత్తా ఉందో లేదో కూడా అడగండి. వారం రోజులు ఏదో ఊరి పార్కింగులో ఉంటే జేబులో డబ్బు కరిగిపోయేది అక్కడే.

బండి ఎక్కే ముందు ఓనరుతో సెలవు గురించి ఎట్లా మాట్లాడాలి? అడిగితే పని ఇవ్వడేమోనని భయం.

అడగకపోతే ఎప్పటికీ ఉండదు. "నెలకు నాలుగు రోజులు ఇంటికి పంపాలన్నా" అంటే ఏ ఓనరైనా తల ఊపుతాడు. తల ఊపడం వాళ్లకు అలవాటే. దానికి బదులు పని కలిసొచ్చేటట్టు అడగండి: "రెండు ట్రిప్పులయ్యాక మూడో లోడు కర్నూలు మీదుగా పోయేది చూడన్నా, ఒక రాత్రి, ఒక పగలు ఇంటి దగ్గర ఆపుకుంటా." బండి ఎట్లాగూ ఆ దారినే పోతుంది, ఓనరుకు నష్టం లేదు. గుత్తి, డోన్, పామిడి లాంటి హైవే పక్క ఊళ్లవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. బద్వేలు, జమ్మలమడుగు వాళ్లు 67వ నంబరు హైవే మీద కృష్ణపట్నం పోయే బండి చూసుకుంటే వాళ్లకూ కుదురుతుంది.

సర్వీసింగ్, టైర్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) పనులు మీ ఊరి దగ్గరి షెడ్డులోనే పెట్టించుకోమని ఒప్పించగలిగితే ఇంకా మంచిది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు మీరు ఇంట్లో ఉంటారు, ఓనరు కూడా దాన్ని సెలవు కింద లెక్కపెట్టడు. తెలివైన పాత డ్రైవర్లు ఎప్పటినుంచో చేస్తున్నదే ఇది.

మాట్లాడుకున్నవి నోటిమాటగా వదలొద్దు. వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టి "సరే" అనిపించుకోండి. కోర్టుకు పోతామని కాదు, మరిచిపోయాను అనకుండా.

రోజుకు ఎన్ని గంటలు నడపాలని చట్టం ఏమైనా చెబుతుందా?

చెబుతుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. దూరపు రూట్లకు అనుమతితో రోజుకు 10, వారానికి 54 వరకు ఒప్పుకుంది. వరుసగా 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం ఉండాలంది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి కార్మిక కోడ్‌లోనూ రోజుకు 8 గంటలే మూలం. మన రోడ్ల మీద దీన్ని పాటించే బండి ఎక్కడుందని మీరు నవ్వొచ్చు. పెద్ద కంపెనీల సరుకు తోలే కొన్ని సంస్థలు మాత్రం జీపీఎస్ పెట్టి, రాత్రి కొన్ని గంటలు బండి ఆపాల్సిందే అంటున్నాయి. అలాంటి చోట పని దొరికితే వదులుకోకండి.

ఈ-వే బిల్లు టైము అయిపోతుందని ఓనరు తొందరపెడతాడు. నిజంగా అంత తక్కువ టైము ఉంటుందా?

చాలాసార్లు ఉండదు. ఈ-వే బిల్లంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ కాగితం. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నారు. కర్నూలు నుంచి నాగపూర్‌కు లెక్కేస్తే నాలుగు రోజులు. మొదటి రోజు కూడా బిల్లు తీసిన మరుసటి రాత్రి పన్నెండు గంటలకు గానీ పూర్తికాదు. బండి చెడిపోయినా, దారిలో ఇరుక్కున్నా గడువుకు 8 గంటల ముందు నుంచి గడువు దాటిన 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. ఆ పని ట్రాన్స్‌పోర్టరు చేయాలి, మీరు ఫోన్ చేసి చెబితే చాలు. ఇక చీనీకాయల్లాంటి తాజా పండ్లకు ఈ-వే బిల్లే అక్కర్లేదు.

కాబట్టి బిల్లు పేరు చెప్పి నిద్ర లేకుండా నడపమంటే బిల్లు మీద ఉన్న తేదీ చూసి మాట్లాడండి. తొందర ఓనరుదో, సరుకు తీసుకునేవాడిదో అయి ఉంటుంది. అది తప్పని అనను. కానీ దానికి ప్రభుత్వాన్ని అడ్డం పెట్టుకోవడం ఎందుకు?

సింగిల్ డ్రైవరు బండా, ఇద్దరు డ్రైవర్ల బండా?

ఇద్దరుంటే బండి ఆగదు, ట్రిప్పు తొందరగా అయిపోతుంది, ఇల్లు తొందరగా చేరతాం. నిజమే. కానీ డబ్బు పంచుకోవాలి, కదిలే బండిలో పడుకోవాలి. కదిలే బండిలో నిద్ర సగం నిద్రే. పక్కవాడు ఎట్లా నడుపుతాడో నమ్మకం లేకపోతే అదీ ఉండదు. అన్నదమ్ములో, బావ బావమరుదులో కలిసి ఒకే బండి ఎక్కడం మన పల్లెల్లో ఉన్నదే. నమ్మకానికి మంచిది గానీ, ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఇద్దరు మగవాళ్లూ ఒకేసారి ఊళ్లో ఉండరు. అది ఆలోచించుకోండి.

ఇంటికి తొందరగా పోవాలని రాత్రంతా నడిపితే తప్పా?

ఇంటి వైపు వచ్చే ఆఖరి రాత్రే అన్నిటికంటే ప్రమాదం. లోడు దించేశాం, ఊరు దగ్గరపడింది, ఇంకో నాలుగు గంటలే అనిపిస్తుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం నిద్రలో ఉంటాడు. టీ, బీడీ, పాటలు ఒక పావుగంట సాయం చేస్తాయి, అంతకుమించి కాదు. గడిచిన రెండు కిలోమీటర్లు గుర్తురాకపోతే బండి పక్కకు తీయాల్సిందే.

హైవే అంచున లైట్లు ఆర్పేసి ఆపొద్దు, వెనక వచ్చే బండికి కనపడదు. కర్నూలు దాటాక అమకతాడు, కాసేపల్లి, అనంతపురం దాటాక మరూరు టోల్ ప్లాజాలు వస్తాయి. ఆ చుట్టుపక్కలో, వెలుతురున్న పెద్ద బంకులోనో ఆపుకోవడం మేలు. డీజిల్ దొంగల బెడదా తగ్గుతుంది. కొన్ని బంకుల్లో ఆయిల్ కంపెనీలు ‘అప్నా ఘర్’ పేరుతో డ్రైవర్లకు పడుకునే గదులు, స్నానాల చోటు, వండుకునే చోటు కట్టాయి. దారిలో ఎక్కడున్నాయో వాళ్ల యాప్‌లో చూసుకోవచ్చు. బండి దారిలో చెడిపోయి నిలబడితే హైవే హెల్ప్‌లైన్ 1033, ఎమర్జెన్సీకి 112.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "ఎన్ని గంటలకొస్తావు?" అని పదేపదే అడగొద్దు. చెప్పిన టైముకు చేరాలని వాడు నిద్ర మానుకుంటాడు. "పొద్దునకు రా" అంటే సరిపోతుంది.

పండగలకు ఇంటికి రావడం ఎట్లా?

అన్ని పండగలకూ కుదరదు. ఏడాదికి రెండు ఎంచుకోండి, ఆ రెండూ ఖాయం చేసుకోండి. అందరూ సంక్రాంతికి, దసరాకు సెలవు అడుగుతారు. ఓనరు ఎవరికీ ఇవ్వలేడు, చివరికి ఆ గొడవలో బండి దిగిపోయేవాళ్లూ ఉంటారు. మీ ఊరి జాతరో, ఉరుసో, పీర్ల పండగో అడిగితే పోటీ తక్కువ. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు పోని ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండదు. కానీ అనంతపురం బయటి ఓనరుకు దాని సంగతి తెలియదు. పీర్ల పండగ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి తేదీ చూసుకుని నెల ముందే చెప్పండి.

ఇంకో కిటుకు. తోటి ముస్లిం డ్రైవరుకు రంజాన్ నాడు మీరు బండి నడిపి పెట్టండి, సంక్రాంతికి వాళ్లు మీకు నడిపి పెడతారు. కర్నూలు, కడపల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడం చాలాకాలంగా నడుస్తున్నదే. ఓనరు కూడా అడ్డు చెప్పడు.

ఇంటికొచ్చినా రెండు రోజులూ నిద్రలోనే పోతాయి. పిల్లలు దగ్గరికి రారు. ఏం చేయాలి?

మొదటి రోజు నిద్రపోవడం తప్పు కాదు, అది శరీరం అడిగే బాకీ. తప్పు ఎక్కడంటే, రెండో రోజంతా బయటి పనులు పెట్టుకోవడం. బ్యాంకు, మీసేవ, ఆర్టీఓ ఆఫీసు, పొలం గట్టు తగాదా, స్నేహితులతో సాయంత్రం, ఇన్నీ అయ్యాక ఇంటికొచ్చేసరికి పిల్లలు పడుకుని ఉంటారు. బ్యాంకు పని ఫోన్‌లో అవుతుంది. లైసెన్సు రెన్యువల్ దరఖాస్తు సారథి వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు. బండి కాగితాలు డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిస్తే చెల్లుతాయి. ఇట్లా లైను మీద ఉండగానే ముగించగలిగినవన్నీ అక్కడే ముగించి ఒక పూట ఖాళీ చేసుకోండి.

ఆ పూటలో పెద్ద పనులేమీ వద్దు. పిల్లల్ని బడికి దింపండి, సాయంత్రం తీసుకురండి. బడిలో సారుతో రెండు మాటలు మాట్లాడండి. చిన్నపిల్లలు నాన్నను చూసి మొదట అమ్మ వెనక దాక్కుంటే నొచ్చుకోవద్దు. వచ్చీరాగానే "ఏరా, సరిగా చదువుతున్నావా" అని దబాయించడం మాత్రం మానండి. నెలంతా ఇల్లు నడిపిన మనిషి పద్ధతి ఒకటి ఉంటుంది. ఉన్న రెండు రోజుల్లో దాన్ని మార్చబోతే, మీరెప్పుడు బండెక్కుతారా అని ఇంట్లోవాళ్లే ఎదురుచూస్తారు.

మా ఆయన లైను మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తకపోతే టెన్షన్‌గా ఉంటుంది. ఎప్పుడు చేయాలి?

నడిపేటప్పుడు చేయొద్దమ్మా. ఆయన ఎత్తినా ప్రమాదం, ఎత్తకపోతే మీకు దిగులు. బండి ఆపే వేళలు రెండు ఉంటాయి: పొద్దున స్నానం టిఫిను వేళ, రాత్రి భోజనం వేళ. ఆ రెండు వేళల్లో ఆయనే చేసేటట్టు అనుకోండి. మధ్యలో వాయిస్ మెసేజ్ పెట్టండి, ఆపినప్పుడు వింటారు. బండి ఎక్కడుందో తెలియాలంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టించుకోవచ్చు. కొంతమంది మగవాళ్లు దాన్ని నిఘా అనుకుంటారు. బలవంతపెట్టొద్దు.

నిజంగా అర్జెంటైతే వరుసగా రెండుసార్లు చేస్తే బండి పక్కకు ఆపి మాట్లాడాలని ముందే గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తును కూరగాయల ధరలకు వాడొద్దు.

ఇంట్లో ఏ కాగితాలు, ఏ నంబర్లు పెట్టుకోవాలి?

బండి నంబరు, ఓనరు నంబరు, లోడు ఎత్తిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నంబరు, ఆయన లైసెన్సు ఫోటో, బండి బీమా కాగితం ఫోటో. ప్రతి ట్రిప్పుకూ ఎల్ఆర్ (సరుకుకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇచ్చే లారీ రసీదు) ఫోటో తీసి ఇంటికి పంపించుకుంటే ఎక్కడికి పోతున్నదీ, ఎవరి సరుకో తెలుస్తుంది. జీతం ఎప్పుడెంత వచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాయండి. వీలైతే జీతం బ్యాంకులోకే వేయించుకోవాలి. ఎందుకో రెండు ప్రశ్నల తర్వాత చెబుతాను.

యాక్సిడెంట్ జరిగితే పారిపోకుండా ఉంటే జనం కొడతారు కదా?

కొట్టే మాట నిజమే, చట్టానికీ అది తెలుసు. మోటారు వాహన చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, కానీ జనం కోపంతో మీదపడేటట్టుంటే దానికి మినహాయింపు ఆ సెక్షన్‌లోనే ఉంది. మినహాయింపు లేనిది పోలీసులకు చెప్పడానికి. కాబట్టి ప్రాణభయం ఉంటే అక్కడి నుంచి కదిలి, 112కు, 108కి ఫోన్ చేసి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పోండి. ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. ఫోన్ చేసిన రికార్డు మీకు రక్ష.

చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష అని భారతీయ న్యాయ సంహితలో 106(2) పెట్టారు. దాని మీదే 2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపేశారు, బంకుల దగ్గర క్యూలు కట్టింది అప్పుడే. 2024 జూలై 1న మిగతా చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. నిర్లక్ష్యంతో మరణం కలిగిస్తే ఐదేళ్ల వరకు శిక్ష మాత్రం ఉంది.

నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు ఏం వస్తుంది?

పనిలో ఉండగా డ్రైవరు చనిపోయినా, వైకల్యం వచ్చినా పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత ఓనరుది. మామూలుగా బండి బీమాలోనే జీతం మీద పనిచేసే డ్రైవరుకు ఆ రక్షణ ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఆ మనిషి ఆ బండి మీద జీతానికి పనిచేశాడని చూపాలి, జీతమెంతో చూపాలి. చేతికి నోట్లిచ్చే చోట ఏమీ మిగలదు. బ్యాంకులో జీతం, వాట్సాప్ మెసేజ్, ఎల్ఆర్ ఫోటోలు అక్కరకొచ్చేది అప్పుడే.

సొంతంగా తీసుకోవాల్సినవి రెండు, బ్యాంకులో అడిగితే చాలు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణానికి 2 లక్షలు, 70 ఏళ్ల వరకు. జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు, చేరడానికి 50 ఏళ్ల లోపు ఉండాలి. ఈ రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకు లెక్క. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే ఆగిపోతాయి. లైను మీద ఉన్న మనిషికి ఇది గుర్తుండదు, ఇంట్లోవాళ్లు చూసుకోవాలి.

లైసెన్సుకు ఏం కావాలి? ఎనిమిదో తరగతి పాసవ్వాలా?

అక్కర్లేదు, 2019లో ఆ నిబంధన తీసేశారు. వయసు 20 నిండాలి, మామూలు కారు లైసెన్సు తీసుకుని ఏడాది దాటాలి, శిక్షణ సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్. గడువుకు ఏడాది ముందే చేసుకోవచ్చు కాబట్టి ఇంటికొచ్చిన ఏదో ఒక సారి ముగించండి. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లకు వేరే శిక్షణ, లైసెన్సు మీద వేరే రాత ఉండాలి.

ఏసీ క్యాబిన్ బండి ఇమ్మని అడగొచ్చా?

అడగొచ్చు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి. పాత బండ్లకు కాదు. మే నెలలో కడప ఎండకు ఇంజను పక్కన కూర్చున్నవాడికి దీని విలువ తెలుసు. డీజిల్ ఖర్చని కొందరు ఓనర్లు వేయొద్దంటారు, బండెక్కేటప్పుడే ఆ సంగతి తేల్చుకోండి.

ఒళ్లు పాడవకుండా ఏం చేయాలి?

నీళ్లు తాగకపోవడం దగ్గరే మొదలవుతుంది అంతా. దిగి పోవాల్సి వస్తుందని తాగరు, తర్వాత కిడ్నీలో రాళ్లంటారు. నడుము, మొలలు, షుగరు, బీపీ కూడా ఈ పనికి చుట్టాలే. ఏడాదికి ఒకసారైనా కళ్లు, షుగరు, బీపీ చూపించుకోండి. బీపీ, షుగరు మాత్రలు వాడేవాళ్లు ట్రిప్పుకు సరిపోయేవి కాదు, ట్రిప్పుకు రెట్టింపు తీసుకుపోండి. కారణం మొదటి జవాబులోనే ఉంది.

బండిలో స్టవ్వు పెట్టుకుని వండుకుంటే డబ్బూ, కడుపూ రెండూ మిగులుతాయి. కొర్రబియ్యమో, రాగిపిండో ఇంటి నుంచి కట్టించుకోండి. సంగటి కెలకడానికి పదినిమిషాలు చాలు, రోజూ ఢాబా నూనె కంటే వెయ్యి రెట్లు మేలు.

సొంత లారీ కొనుక్కుంటే ఇంట్లో ఎక్కువ ఉండొచ్చా?

చాలామంది ఈ ఆశతోనే కొంటారు. జరిగేది తలకిందులు. ఫైనాన్సు కంతు నెలనెలా వస్తుంది, బండి నిలబడితే కంతు నిలబడదు. జీతానికి ఉన్నప్పుడు తిరుగు లోడు కోసం ఓనరు బ్రోకర్లకు ఫోన్లు చేసేవాడు, ఇప్పుడు మీరే చేయాలి, నడిపేదీ మీరే. టైర్లు, బీమా, టాక్సు అన్నీ ఒకే నెలలో మీదపడే రోజులుంటాయి. కంతు కట్టలేక ఎక్కువ టన్నులు ఎత్తితే జరిమానా 20,000, పైగా ప్రతి అదనపు టన్నుకూ 2,000. రెండో బండి కొని, ఇంకొకరిని పెట్టుకుని, మీరు లోడ్లు చూసుకునే స్థితికి వస్తే అప్పుడు ఇంట్లో ఉంటారు. అక్కడిదాకా వచ్చినవాళ్లున్నారు, మధ్యలో బండి వదులుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువున్నారు.

లారీ డ్రైవరంటే పిల్లనివ్వడం లేదు. నిజం దాచాలా?

దాచొద్దు. పెళ్లైన పది రోజులకు బండి ఎక్కాల్సిందే, అప్పుడు తెలిసేదానికంటే ముందే తెలియడం మేలు. అమ్మాయికి, ఆమె తల్లిదండ్రులకు ఏ రూటు, ఎన్నాళ్లకోసారి వస్తారు, ఎంత పంపిస్తారు అన్నది సూటిగా చెప్పండి. వాళ్ల భయం లారీ గురించి కాదు, లెక్క తెలియని బతుకు గురించి.

లైను వదిలి లోకల్‌కు మారాలంటే ఎప్పుడు, ఎట్లా?

బడి బస్సు, పాల ట్యాంకరు, కాంక్రీటు మిక్సరు, టిప్పరు, ఊళ్లో సరుకు వేసే చిన్న బండి, ఇవి మన వైపు దొరికే లోకల్ పనులు. డబ్బు తగ్గుతుంది, బత్తా ఉండదు. సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. పిల్లలు పదో తరగతికి వచ్చినప్పుడో, అమ్మానాన్నల ఆరోగ్యం పాడైనప్పుడో చాలామంది మారతారు. మారేముందు ఒక ఆరు నెలలు లోకల్ జీతంతోనే ఇల్లు నడిపి చూడండి, మిగిలింది పక్కన పెట్టండి. కుదరకపోతే మారినా మళ్లీ లైనెక్కుతారు.

బండి దిగేటప్పుడు ఓనరుతో మంచిగానే దిగండి, ఈ లైన్లో అందరికీ అందరూ తెలుసు. తీసుకున్న అడ్వాన్సు, రావాల్సిన జీతం, డీజిల్, టోల్ లెక్కలు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. స్టెప్నీ, జాకీ, తాళ్లు, టార్పాలిన్ అప్పగించినట్టు ఫోటో తీసుకోండి. ఒరిజినల్ లైసెన్సు ఓనరు దగ్గర ఉంటే మొదట అది చేతికి తీసుకుని, తర్వాతే తాళంచెవి ఇవ్వండి.